తింత్రిణీ వృక్ష వైభవము



నరకమును చూడకుండ తప్పించుకొనుటకు గొప్ప యజ్ఞములు చేయనక్కరలేదు, కొన్ని చెట్లు నాటిన చాలునని చెప్పు శ్లోకమొకటి పురాణములందు కలదు. మీలో చాలమంది దానిని పెద్దల నోట వినియే యుందురు. రావి ఒకటి, వేప ఒకటి, మర్రి ఒకటి, వెలగ, మారేడు, ఉసిరిక మూడేసి, మామిళ్లు అయిదు నాటి పెంచినవానికి నరకదర్శనము లేదని దాని భావము. ఈ లెక్క నడుమ మరియొక చెట్టు ఉన్నది. దాని సంఖ్య పది. ఆ చెట్టు చింత.

రావి సాక్షాత్తు నారాయణ స్వరూపము. వృక్షములలో అశ్వత్థమును నేనేయని గీతాచార్యుడే సెలవిచ్చినాడు. దానికి ప్రదక్షిణములు చేయుదుము. మారేడు దళము శివునికి ప్రీతి. వేప అమ్మవారిది. ఉసిరిక క్రింద కార్తికమాసమున వనభోజనములు చేయుదుము. మామిడాకు లేక మంగళకార్యమే లేదు. అట్టి పూజ్యవృక్షములకు ఒకటి, మూడు, అయిదు అని చెప్పిన పురాణము, ఎవరును పసుపు కుంకుమలు పెట్టని, దారము చుట్టని చింతను మాత్రము పది నాటుమన్నదేమి? ఈ శ్లోకమునకు పాఠభేదములున్న మాట నిజమే. కొన్ని పాఠములలో చింతకు మారుగా పది పూలచెట్లు చెప్పబడినవి. అయినను పది చింతలనెడి పాఠమే మన పండితుల నోట ఎక్కువగా నిలిచినది. ఆ పదికి సమాధానము ఏ వ్యాఖ్యానములోనో వెదకుటకంటె మన ఊళ్లలో, మన ఆలయములలో వెదకుట మేలని మా అభిప్రాయము.

మన మరిపెడ ప్రాంతమువారికి చింతను పరిచయము చేయుట ఆకేరుకు నీటిని చూపించుటవంటిది. ఈ సీమకు ముఖ్యపట్టణమైన మహబూబాబాదును మనమింకను మానుకోటయనియే పిలుచుచున్నాము. మ్రానుకోట అనగా చెట్ల కోట. అదియే వాడుకలో మానుకోట యైనదని పెద్దలు చెప్పుదురు. 2016లో వరంగల్లు నుండి విడివడి జిల్లాయైనను ఆ పాతపేరు మాసిపోలేదు. చెట్టు పేరు పెట్టుకొన్న ఊళ్లు మన దేశమున ఎన్నియో కలవు గాని, వానిలో చింతకున్న వాటా చాల పెద్దది. ఖమ్మం జిల్లాలో చింతకాని, ఏలూరు జిల్లాలో చింతలపూడి, మన్యములో చింతపల్లి, చింతూరు. చింతకుంటలు, చింతలపల్లెలు లెక్కకు మిక్కిలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన మన్యపోరాటమును మొదలుపెట్టి మొట్టమొదట ముట్టడించిన పోలీసు ఠాణా ఆ చింతపల్లిలోనిదే. చెట్టు ఊరికి గుర్తుగా నిలుచునంత పెద్దదై, ఊరివారికి తిండి పెట్టునంత మంచిదైననే ఊరు దాని పేరు పెట్టుకొనును.

ఇచట పేరును గూర్చి చిన్నమాట. మనసును కాల్చు చింత వేరు, మనకు పులుపునిచ్చు చింత వేరు. మొదటిది సంస్కృతములోని చింతా శబ్దము. రెండవదానికి అమరకోశము తింతిడి, చించ, అమ్లిక యను పేర్లు చెప్పినది. పురాణములలో తింత్రిణి యనియు కనబడును. రెండు మాటలు ఒక్కతీరుగా వినబడుటచే ఇంటిముందు చింతయున్న ఇంటిలో చింత తప్పదని కొందరందురు. ఇది మాటల ఆటయే గాని శాస్త్రము కాదు.

ఈ వృక్షము పుట్టిల్లు ఏది? వృక్షశాస్త్రజ్ఞులు దీని జన్మస్థానము ఆఫ్రికా ఖండపు ఉష్ణప్రదేశములని నిర్ణయించిరి. మన దేశమునకు ఎప్పుడు వచ్చినదో చెప్పలేనంత పూర్వమే వచ్చినది. ఉత్తరప్రదేశములోని నర్హన్ అను చోట జరిపిన త్రవ్వకములలో, క్రీస్తునకు పూర్వము సుమారు 1300 సంవత్సరముల నాటి పొరలలో చింతకట్టె బొగ్గు దొరకినది. మనకది ఎంత సొంతమైపోయినదనగా, పడమటినుండి వచ్చిన అరబ్బు వర్తకులు దీని పండును చూచి తమ ఖర్జూరముతో పోల్చి తమర్ హింద్, అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పేరిడిరి. ఐరోపావారి టామరిండ్ అదియే. 1753లో లినేయస్ పండితుడు దీనికి శాస్త్రనామము పెట్టుచు టామరిండస్ ఇండికా యని మరల మనదేశపు పేరునే జోడించినాడు. పరదేశమున పుట్టిన చెట్టు పేరులో భారతదేశము రెండుమారులు చేరినది. వచ్చినవానిని తనవానిగా చేసికొనుట ఈ మట్టి స్వభావము. కాకతి రుద్రమదేవి పాలనను గూర్చి వ్రాసిన మార్కోపోలో చింతపండును గూర్చియు ఒక వింత వ్రాసినాడు. గుజరాతు తీరమున ఓడదొంగలు వర్తకులను పట్టి, వారు ముత్యములను మ్రింగి దాచిరేమోయని, చింతపండు కలిపిన సముద్రపు నీటిని త్రాగించి కడుపు కడిగించెడివారట! చింతపండు విరేచనకారియను సంగతి దొంగలకును తెలిసియుండెనన్నమాట.

ఇక భగవత్సంబంధమునకు వత్తము. అలిగి కొల్హాపురమునకు వెడలిన లక్ష్మీదేవిని వెదకుచు శ్రీమన్నారాయణుడు వైకుంఠమును వీడి వేంకటాద్రికి వచ్చినప్పుడు, స్వామి పుష్కరిణి చెంత ఏ బంగారు మేడలోను దిగలేదు. ఒక పుట్టలో దాగినాడు. ఆ పుట్ట యున్నది చింతచెట్టు క్రింద. చోళరాజు గోవు ప్రతిదినము పాలు కురిపించినదియు, గొల్లవాని గొడ్డలిదెబ్బ స్వామి శిరస్సున తగిలినదియు ఆ చింత మొదటనే. ఈ కథ మీకందరకు తెలిసినదే గనుక విస్తరింపము. అయితే కథ వినునపుడు పుట్టను, ఆవును, గొల్లను తలచుకొను మనము చింతను మరచుచున్నాము. శ్రీ వేంకటాచల మాహాత్మ్యము మరవలేదు. ఆ చింతను దశరథునితోను, ఆ పుట్టను కౌసల్యతోను పోల్చిన మాట అందు కలదు. రామావతారమున తండ్రియై పెంచినవాడే కలియుగమున నీడయై కాచెనని తాత్పర్యము. కొడుకు అడవికి పోవుచుండగా వెంట పోలేకపోయిన తండ్రికి, అడవిలో ఉన్న కొడుకుపై నీడపట్టు భాగ్యము ఈ రూపమున లభించినదని భావించినపుడు మనసు కరగదా!

దక్షిణమున తామ్రపర్ణీ నదీతీరమున మరియొక చింత కలదు. అది కథలో మాత్రమే గాక నేటికిని కన్నులకు కనబడుచున్నది. నూట ఎనిమిది దివ్యదేశములలో ఒకటియైన తిరుక్కురుగూరు, నేటి ఆళ్వారు తిరునగరి, తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో ఉన్నది. నమ్మాళ్వారు అవతరించిన క్షేత్రమది. పుట్టిన శిశువు ఏడువలేదు, పాలు త్రాగలేదు, కన్ను తెరువలేదు. తల్లిదండ్రులు దిక్కుతోచక ఆదినాథస్వామి సన్నిధికి తెచ్చి వదలగా, ఆ శిశువు ఆవరణములోని చింతచెట్టు తొఱ్ఱను చేరి పదునారు సంవత్సరములు అచటనే ధ్యానమగ్నుడై యుండెనని గురుపరంపర చెప్పును. చరిత్రకారులు ఆయన కాలమును క్రీస్తుశకము ఎనిమిది, తొమ్మిది శతాబ్దముల నడుమ ఉంచుదురు.

అప్పుడు మధురకవియను వృద్ధ బ్రాహ్మణుడు అయోధ్యలో ఉండెను. దక్షిణదిక్కున ఆకసమున వెలుగొకటి కనబడగా దానిని అనుసరించి నడచి నడచి కురుగూరు చేరెను. ఆ వెలుగు చింతతొఱ్ఱలోని బాలునిదని తెలిసికొని, పరీక్షార్థము ఒక రాయి క్రింద పడవేయగా బాలుడు కన్నులు తెరచెను. జీవము లేని దేహములో అణువంత జీవుడు పుట్టినయెడల వాడు దేనిని తినును, ఎచట నుండునని మధురకవి ప్రశ్న. దానినే తినును, అచటనే యుండునని ఆళ్వారు సమాధానము. అనగా దేహమును ఆశ్రయించినవాడు దేహసుఖదుఃఖములనే అనుభవించును; పరమాత్మను ఆశ్రయించినవాడు పరమాత్మనే అనుభవించును. వయస్సున తాతవంటి మధురకవి ఆ క్షణముననే బాలునికి శిష్యుడైనాడు. తిరువాయ్‌మొళి వెలువడినది ఆ చింత నీడలోనే. తరువాతి కాలమున ఆళ్వారుల పాశురములు లోకమున మఱుగుపడినప్పుడు నాథమునులు ఆ చింత చెంతనే కూర్చుండి, మధురకవి తన గురువుపై చేసిన ప్రబంధమును పన్నెండువేల పర్యాయములు జపించి నాలాయిరమును తిరిగి పొందెనని సంప్రదాయము.

సామాన్యముగా చింతచెట్టు ప్రొద్దుగ్రుంకగానే తన చిన్ని ఆకులను జతజతగా ముడుచుకొనును. తెల్లవారిన పిదప విప్పును. ఇది మీ పెరటి చింతలోనే చూడవచ్చును. కురుగూరు చింతను మాత్రము ఉఱంగాపుళి, అనగా నిదురపోని చింత, అని పిలుతురు. స్వామి సేవలో ఉన్న ఆదిశేషుడే ఆ చెట్టుగా వచ్చెననియు, శేషునకు నిద్రలేదు గనుక దీని ఆకులు ముడుచుకొనవనియు అచటి భక్తుల విశ్వాసము.

తమిళదేశపు చింతతో మరిపెడవారికి పనియేమని ఎవరైనను అడుగవచ్చును. మీరు ఏ విష్ణ్వాలయమునకు వెళ్లినను అర్చకస్వామి మీ శిరస్సున శఠారిని ఉంచుచున్నారు గదా! దానిపై నుండునవి స్వామి పాదములు. దానికి గల పేరు నమ్మాళ్వారుది. శఠకోపుడనునది ఆయన నామము. స్వామి పాదములకు తానే పీఠమైనాడని భావించి ఆ పేరు పెట్టిరి. కనుక శఠగోపము తలపై తాకిన ప్రతిమారు చింతతొఱ్ఱలో కూర్చున్న మహనీయుని స్మరణ మనకు కలుగుచున్నది. మనకు తెలియక పోవచ్చును. అది వేరు మాట.

తెలుగుసీమలోనే చింత పేరును స్వామి తన పేరుగా ధరించిన చోటు కలదు. పెన్నానదీ తీరమున తాడిపత్రిలో చింతల వేంకటరమణస్వామి ఆలయమున్నది. చింతచెట్టులో స్వామివారి మూర్తి లభించుటచే ఆ పేరు వచ్చినదని స్థలకథనము. విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసాని నాయకులు కట్టించిన ఆ ఆలయమున రాతి రథమువలె నిర్మించిన గరుడమండపమును చూచుటకై ఎచటెచటినుండియో వత్తురు. చెట్టును చూడవచ్చువారు తక్కువ.

ఆలయపు ముందుభాగములో చెట్టునకు పూజ లేకపోయినను, వెనుకనున్న వంటశాలలో చింత లేనిదే పొయ్యి వెలుగదు. పులిహోర మాటలోని పుళి యనునది చింతపండే. మన పులుపు, పులుసు, పులియుట అనువాని మూలమును అదియే. వైష్ణవాలయములలో పులిహోర ప్రధాన ప్రసాదమగుటకు రుచి ఒక్కటియే కారణము కాదు. చింతపులుసు, నూనె, పసుపు పట్టిన అన్నము ఉత్తి అన్నమువలె త్వరగా చెడదు. కొండలెక్కి వచ్చు యాత్రికుడు, బండిపై రెండుదినముల ప్రయాణము చేసి పోవలసిన యాత్రికుడు మూటగట్టుకొని పోవుటకు అనువైన ప్రసాదమది. మిరపకాయ మనదేశమునకు పోర్చుగీసువారితో పదునారవ శతాబ్దమున వచ్చినది. అంతకుముందు మన పులిహోరలో కారము మిరియములదే. పులుపు మాత్రము మొదటినుండియు చింతదే. ఉగాదినాటి పచ్చడిలో వేపపువ్వు చేదు, బెల్లపు తీపి ఎట్లో, కొత్త చింతపండు పులుపు అట్లే అవశ్యకము. మాఘ ఫాల్గునములలో కాయ పండి, దులిపి, పెంకు ఒలిచి, ఈనె తీసి, గింజ కొట్టి సిద్ధము చేయుసరికి ఉగాది వచ్చును. పండుగ పంటను వెదకుకొని రాలేదు. పంటయే పండుగకు ఎదురువచ్చినది.

వంటయైన తరువాతను చింతకు పని యున్నది. స్వామి పంచపాత్రలు, దీపపు కుందెలు, హారతి పళ్లెములు, గంటలు నిగనిగలాడుట దేనివలన? పులుసు పిండిన పిప్పివలన. చింతపండులో టార్టారిక్ ఆమ్లము అధికముగా నున్నది. అది రాగి, ఇత్తడిపై పేరుకొను చిలుమును కరగించి లోహమును బయలుపరచును. ఇదే గుణము వంటవానికి హెచ్చరికయు. కళాయి లేని రాగిపాత్రలో చింతపులుసు కాచినయెడల ఆ లోహమే పులుసులోనికి దిగి విషతుల్యమగును. అందుచేతనే పూర్వము ఊరూర కళాయి వేయువారు తిరుగుచుండిరి. ఆలయపు గంగాళములకు ఏటేట తగరపు పూత వేయించుచుండిరి. ఇప్పుడు స్టీలు పాత్రలు వచ్చి ఆ వృత్తియే కనుమరుగగుచున్నది. పాత ఇత్తడి గుండిగలను పండుగలకు బయటికి తీయు ఆలయములవారు ఈ సంగతిని మరువరాదు.

చెట్టులో వదలదగిన భాగమే లేదు. వేసవి మొదట పుట్టు చిగురు పప్పులోనికి. పూత పచ్చడికి. పచ్చికాయ తొక్కుకు. పండు పచ్చిపులుసుకు, చారుకు. గ్వాలియరులోనైతే తాన్‌సేన్ సమాధి చెంతనున్న చింతాకు నమిలిన గాత్రము మధురమగునని గాయకులు నేటికిని నమ్ముదురు. గింజను గూర్చి మాత్రము కొంచెము ఆగి చెప్పవలసియున్నది. మనకు సమీపముననే చేర్యాల ఉన్నది. 2016 వరకు మన వరంగల్లు జిల్లాలోనిదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిది. అచటి నకాషీ చిత్రకారులు పురాణకథలను పొడవైన గుడ్డ పటములపై చిత్రింతురు. ఆ పటములను విప్పుచు కథకులు ఊరూర పాడి చెప్పుదురు. పద్మశాలీలకు మార్కండేయ కథ, గౌడులకు వారి కులపురాణము, ఇట్లు ఏ కులమునకు ఆ కథ. చదువురాని మన తాతలకు పురాణము తెలిసినది తాళపత్రమువలన కాదు, ఈ పటములవలన. ఆ గుడ్డ రంగును పట్టుటకు మొదట దానికి గంజి, సుద్దమట్టి, జిగురు, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద కలిపి పూయుదురు. వారు చేయు ముఖపు బొమ్మలును రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి చేసినవే. మనము తిని ఉమిసిన గింజపై దేవతామూర్తులు నిలిచినవి!

ఆరోగ్యము విషయమున మన ఆయుర్వేదము అమ్లిక పచ్చికాయను పిత్తకరమని నిందించి, పండినదానిని జఠరాగ్నిని వెలిగించునదిగా, వాతకఫములను అణచునదిగా మెచ్చినది. దీనికి మన పొరుగుననే ఆధునిక సాక్ష్యము కలదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు ఎన్ని తరముల ఎముకలను వంచినదో మీరు ఎరుగుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కొందరు బాలురకు 18 దినములు, దినమునకు 10 గ్రాముల చింతపండు ఆహారముతో ఇచ్చి పరిశీలింపగా, మూత్రము ద్వారా వెలుపలికి పోవు ఫ్లోరైడు పెరిగినదని 2002లో ప్రకటించిరి. దీనిని పట్టుకొని చింతపులుసే మందని ప్రచారము చేయువారున్నారు, అది తగదు. సురక్షితమైన నీటికి సాటి మరియొకటి లేదు. కాని పేదవాని పచ్చిపులుసులో ఇంత మేలు దాగియున్నదని తెలియుట సంతోషకరము.

ఇన్ని చెప్పిన పిమ్మట భయమును గూర్చి చెప్పకుండ దాటరాదు. చింతచెట్టుపై దయ్యములుండునని, దానిక్రింద రాత్రి నిదురింపరాదని, ఇంటి ఆవరణములో నాటరాదని మన పల్లెలలో బలమైన నమ్మకమున్నది. ఒక జానపద కథయు కలదు. దూరదేశము పోవు భర్తను త్వరగా రప్పించుకొనవలెనని ఒక ఇల్లాలు వైద్యుని ఆలోచన అడిగినది. పోవునపుడు ప్రతిరాత్రి చింతక్రిందనే పండుకొమ్మని, తిరిగి వచ్చునపుడు వేపక్రిందనే పండుకొమ్మని చెప్పుమన్నాడు వైద్యుడు. కొన్నిదినములకే అతడు జబ్బుపడి వెనుదిరిగినాడు. వేపల క్రింద పండుకొనుచు ఇల్లు చేరుసరికి స్వస్థుడైనాడు. కథ ముచ్చటగానే యున్నది. రాత్రులందు చెట్లు బొగ్గుపులుసు వాయువును విడుచునని కొందరు దీనికి శాస్త్రీయ సమాధానము చెప్పుదురు. ఆ మాట వేపకును, మామిడికిని కూడ వర్తించును గనుక చింతను మాత్రమే దోషిని చేయలేము. చిక్కని నీడ, క్రింద రాలిన పుల్లని ఆకు, ఆ నేలపై ఇతర మొక్కలు సరిగా మొలవకుండుట, చీకటిలో పెద్దమ్రాను చేయు చప్పుళ్లు, ఇవన్నియు కలిసి భయమును పెంచియుండును. మేము అడుగునది ఒక్కటే. చింత అశుభమైనచో శ్రీనివాసుడు దానిక్రింద ఏల నివసించును? పసిబాలుడైన ఆళ్వారు పదునారేండ్లు దాని తొఱ్ఱలో క్షేమముగా ఎట్లుండును? దయ్యముల నిలయమును పది నాటుమని పురాణము చెప్పునా?

ప్రాణములు తీయునని భయపడు ఈ చెట్టు ప్రాణములు నిలిపిన చరిత్ర మన రాజధానిలోనే జరిగినది. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదుపై విరుచుకొని పడినది. అప్పుడు మీర్ మహబూబ్ అలీఖాన్ పాలన. వంతెనలు మునిగినవి, పేటలకు పేటలు కొట్టుకొనిపోయినవి, అఫ్జల్‌గంజులోని ఆసుపత్రి కూలినది. చనిపోయినవారు పదిహేనువేలని లెక్క చెప్పుదురు. ఆ ప్రళయమున అఫ్జల్‌గంజు తోటలోని ఒక చింతచెట్టుపై జనులు ఎక్కిరి. ఏ కులమో ఏ మతమో అడుగుటకు వ్యవధి లేదు. చేతికందిన కొమ్మ పట్టుకొనిరి. క్రింద నది ఉరుకుచుండగా రెండు దినములు ఆ కొమ్మలను అంటిపెట్టుకొనియుండి 150 మందికి పైగా ప్రాణములతో దిగివచ్చిరి. మేడలు నిలువలేని చోట చెట్టు నిలిచినది. అందుకు కారణమున్నది. చింత తల్లివేరు లోతుగా దిగును. కట్టె మిక్కిలి గట్టిది. కొమ్మలు సులభముగా విరుగవు. పెనుగాలులకు తాళగల చెట్లలో దీనిని ముందుగా చెప్పుదురు.

ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి నగరరక్షణకు ప్రణాళిక వేయించిరి. ఉస్మాన్‌సాగరము 1920లో, హిమాయత్‌సాగరము 1927లో పూర్తియైనవి. చింత మాత్రము ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నిలిచియే యున్నది. ఏటేట సెప్టెంబరు 28న నగరవాసులు కొందరు దానిచెంత చేరి నాటి మృతులను స్మరించుచున్నారు. ఏ ఆగమమును చెప్పని వృక్షపూజ యిది. మాకది లోపరహితమైన పూజగానే తోచుచున్నది.

మూసీ దూరము, మనకేమి యనుకొనరాదు. 2024 సెప్టెంబరు 1న మన ఆకేరు పొంగి మన మండలములోని సీతారాం తండాను ముంచినది. ఇండ్లలోనికి నీరు చేరగా తండావాసులు మిద్దెలపైకెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. పురుషోత్తమాయగూడెము వద్ద రహదారియే తెగినది. వాగు ఒడ్డున లోతువేరు చెట్లు ఎందుకుండవలెనో ఆ రాత్రి చెప్పినంత స్పష్టముగా ఏ ప్రవచనమును చెప్పలేదు.

అట్టి చెట్లు నేడు తగ్గిపోవుచున్నవి. పూర్వము బాటల వెంట చింతలను నాటెడివారు. జాతరలకు బండ్లు కట్టుకొని పోవు దినములలో చింతతోపులే విడిదులు. ఎద్దులకు నీడ, మనుష్యులకు పొయ్యిలోనికి పుల్ల, కూరలోనికి చిగురు అచటనే దొరకెడివి. రహదారులు వెడల్పు చేయునపుడు మొదట గొడ్డలికి ఎరయగునవి ఆ పాత చింతలే. దారి వెడల్పు కావద్దని మేమనము. రోగిని వరంగల్లుకో ఖమ్మమునకో చేర్చవలసినవారికి దారి కావలెను. కాని నూరేండ్ల చెట్టు పోయిన చోట పూలకుండీలలోని మొక్కలు పెట్టి సరిపుచ్చుట సరికాదు. ఆలయ మాన్యములలోని చింతల స్థితియు అట్లే యున్నది. కాయల వేలముపాటవలన ధూపదీపములకు ఏటేట కొంత సొమ్ము వచ్చెడి చోట, కట్టెకై ఒక్కసారి అమ్మివేసి చేతులు దులుపుకొను ధోరణి పెరిగినది. బొగ్గుకును, నూనెగానుగలకును, మాంసము నరకు మొద్దులకును చింతకట్టెకు మంచి గిరాకి యున్నది. దేవుని చెట్టు అట్టి మొద్దుగా మారుట ఏ ధర్మకర్తకును శోభ కాదు. మన్యములో గిరిజనులకు చింతపండు ఇంటి ఖర్చులకు ఆధారము. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారివద్ద కొను అటవీ ఫలసాయములలో అది ముఖ్యమైనది. వారు చెట్టును నరకరు, దులుపుకొందురు. ఈ తెలివిని మైదానమువారు వారినుండి నేర్చుకొనవలసియున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్న మరల వచ్చును: పది యేల? రావి క్రింద కూర్చుందుము, దానిని తినము. మర్రి ఒక్కటి ఊడలు దింపి ఊరికంతకు నీడనిచ్చును. వేప ఒక్కటి వాడకంతకు మందు. చింత అట్లు కాదు. ప్రతి ఇంటి పొయ్యిమీదికి, ప్రతి దినము, ఏడాది పొడవున చేరవలసినది. ఒక చెట్టు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు వెనుకంజ వేయుట దాని స్వభావము. ఒక్కటి నాటినవాడు కాపు తప్పిన ఏట చేయిచాచవలెను. పది నాటినవాని ఇంట ఏదో ఒకటి కాయుచునే యుండును, వానితోపాటు వాడకు, గుడికి, బాటసారికి. శ్లోకకర్త లెక్క తెలిసినవాడని మాకు తోచుచున్నది.

నాటుట కష్టము కాదు. గింజను ఒక రాత్రి నీటిలో నానవేసి తొలకరికి ముందు సంచిలో పెట్టిన మొలకెత్తును. మరుసటి వర్షాకాలమున నేలలోనికి మార్చవచ్చును. మొదటి రెండుమూడేండ్లు మేకలనుండి కంచె కావలెను, వేసవిలో నీరు పోయవలెను. ఆ తరువాత అది మనలను అడుగదు. గింజచెట్టు కాపునకు ఎనిమిది పదేండ్లు పట్టును; అంటుమొక్కయైన నాలుగైదేండ్లకే కాయును. ఆ పిమ్మట రెండువందల ఏండ్లైనను నిలుచును. చెట్టునకు చెట్టునకు పది మీటర్ల ఎడము విడువవలెను. ఆ లెక్కన ఒక్కొక్క చింతకు ఇంచుమించు ఒక గుంట నేల; పది చింతలకు పది గుంటలు. మన చుట్టుపట్ల ఏ గ్రామదేవత గుడికైనను, ఏ ఆంజనేయస్వామి మాన్యమునకైనను అంతమాత్రపు బీడు లేకపోదు.